గ్లౌజులు తొడిగి వడ్డించిన పూట

రాయపూర్ వెళ్ళొచ్చానంటే మా అనకాపల్లిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "అక్కడ చూడ్డానికేముంది?" ఏ గుడి పేరో, జలపాతం పేరో చెబితే వాళ్ళకి తృప్తిగా ఉంటుంది. నాకేమో చెప్పడానికి ఏమీ తోచదు. మేం వెళ్ళింది చూడ్డానికి కాదు, వండడానికి.

నేను విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న రోజులవి. రాయపూర్‌లో హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి అండగా ఉండే ఒక చిన్న సంస్థ నుంచి మా కాలేజీకి కబురొచ్చింది. మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకునే హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వాళ్ళు పరిచయ సమ్మేళనం పెడుతున్నారు. ఎవరొస్తున్నారో తెలిశాక ఆ ఊరి వంటవాళ్ళు ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారట. మా సత్యారావు మాస్టారు మాకు వంట ప్రాక్టికల్స్ చెప్పేవారు. "వంటవాడికి ఆకలేసినవాడు కావాలి గానీ వాడి రక్తం రిపోర్టు దేనికర్రా?" అని ఆరుగుర్ని ఏరి బయల్దేరదీశారు. ఆ ఆరుగురిలో నేనొకదాన్ని.

మాస్టారి శుభ్రం సంగతి ముందే చెప్పాలి. తలకి టోపీ, చేతులకి గ్లౌజులు లేకుండా మా వంటగదిలో అడుగుపెట్టినవాణ్ణి ఆయన దొంగని చూసినట్టు చూసేవారు. బియ్యం, పప్పు అక్కడే కొనుక్కోవచ్చన్నారు గానీ, పల్చటి ప్లాస్టిక్ గ్లౌజుల పెట్టెలు మాత్రం మా చేత ఇక్కణ్ణుంచే మోయించారు.

రైల్లో

పార్వతీపురం దాటాక కొండలు దగ్గరికొచ్చేశాయి. రాయగడలో బొరుగుల మిక్చర్ పొట్లాలు ఎక్కాయి, ఆవనూనె ఘాటు ముక్కుకి తగిలింది. ఎదుటి బెర్తులో బొబ్బిలి నుంచి తిరిగి వెళుతున్న పెద్దాయనా ఆయన భార్యా ఉన్నారు. రాయపూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారట. తెలుగు మొదలుపెట్టి హిందీలో దిగేవారు, హిందీ మొదలుపెట్టి తెలుగులో తేలేవారు.

"ఏటి బాబూ, అందరూ కలిసి కిధర్ ఎల్తన్నారు?" అనడిగారు మాస్టారిని.

"పెళ్ళి వంటకండి."

"అచ్ఛా! ఎవరింట్లో పెళ్ళి?"

మాస్టారికి అబద్ధం చేతకాదు. "ఇంకా సంబంధాలు కుదరలేదండి" అన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుందని వాళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆవిడ సంచిలోంచి జంతికలు తీసి మా అందరికీ పంచింది. మంచినీళ్ళ సీసా కూడా ఇటు జరిపి తాగమంది.

మాలో ప్రవీణ్ అనేవాడికి నోరు ఊరుకోదు. ఎవరి పెళ్ళిళ్ళో వివరంగా చెప్పేశాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. కాసేపయ్యాక మంచినీళ్ళ సీసాని మెల్లగా తన వైపు లాక్కుని కొంగు కింద పెట్టుకుంది. మేమింకా ఆ మనుషుల్ని చూడనైనా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఆవిడ జంతికలు నా చేతిలోనే ఉన్నాయి.

బోర్డు లేని ఇల్లు

రాయపూర్‌లో డిసెంబరు చలి మన చలి లాంటిది కాదు. పొద్దున్నే బండి దగ్గర నిలబడి పోహా తిన్నాం. మన అటుకుల ఉప్మాయే, కాకపోతే పైన సన్న కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి ఇస్తారు. ప్లేటు ఇరవై రూపాయలు. ఉప్పటి దాంట్లో తియ్యటిది నంజుకోవడమేమిటని మొహం చిట్లించిన ప్రవీణ్ మూడో ప్లేటుకి చెయ్యి చాపాడు.

సంస్థ ఉన్న ఇల్లు తెలీబంధా చెరువు వెనక సందులో ఉంది. గేటుకి బోర్డు లేదు. నడిపే ఆవిడ పేరు మీనా దీదీ, నలభై దాటి ఉంటుంది. మా అందరి చేతుల్నీ తన రెండు చేతుల్తో పట్టుకుని పలకరించి, కూర్చోబెట్టాక మొదట చెప్పిన మాట, "నాక్కూడా ఉంది, చాలా ఏళ్ళుగా" అని. మనం జలుబు గురించి చెప్పుకున్నట్టు చెప్పింది.

ఆ సాయంత్రం మమ్మల్ని చెరువు గట్టుకి తీసుకెళ్ళింది. దీపాలు, మొక్కజొన్న కంకుల బండ్లు, పిల్లల్ని భుజానేసుకుని నడిచే జనం. అక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా మెరైన్ డ్రైవ్ అంటారు. మా వైజాగ్ వాళ్ళకి చెరువుని పట్టుకుని ఆ పేరంటే నవ్వొచ్చింది, మర్యాదకి ఆపుకున్నాం.

నడుస్తూ మీనా దీదీ సమ్మేళనం ఎలా జరుగుతుందో చెప్పింది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి పేరు, పని, పిల్లల సంగతి, మందులు ఎప్పటినుంచి వాడుతున్నదీ, సీడీఫోర్ ఎంతున్నదీ అందరి ముందూ చెబుతారు. సీడీఫోర్ అంటే ఒంట్లో జబ్బుని తట్టుకునే కణాల లెక్క. మన పెళ్ళిచూపుల్లో జీతం అడిగినట్టు అక్కడ అది అడుగుతారు. వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చేయమన్నారు మనవాళ్ళు. ఇక్కడ పెళ్ళి మాట మొదలయ్యేదే దాచుకోవలసిన నిజంతో.

వంకాయలు తరుగుతూ

శనివారం వంటకి సన్నాహాలు. సమ్మేళనానికి ఒక ధర్మశాల హాలు తీసుకున్నారు. మాస్టారు తెలుగు భోజనం పెడతామన్నారు. ముద్దపప్పు, గుత్తివంకాయ, చారు, పరమాన్నం. బియ్యం మాత్రం ఆ ఊరివే, దుబ్‌రాజ్ అంటారు. సన్నగింజ, ఉడుకుతుంటే సందు చివరిదాకా వాసన.

సాయం చేయడానికి రత్న అనే ఆమె వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, మిషను కుడుతుంది. మా మాట వినగానే "తెలుగోళ్ళా!" అని పక్కనే చతికిలబడి వంకాయలకి గాట్లు పెట్టడం మొదలెట్టింది. కాసేపటికి వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ, ఆరేళ్ళ మనవరాలు పింకీని వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్ళయి పాలకొండ నుంచి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. భర్త రైల్వేలో చేసి పోయాడు.

"ఏ ఊరు తల్లీ మీది? అనకాపల్లేటి! ఇంకేటి, మా ఊరి పిల్లవే" అని నా తల నిమిరింది. "ఇలగ ఎండిపోయావేటే? మీ హాస్టల్లో తిండి పెట్టరా?" అంటూ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంత పని చేసింది. ఆ ఊరి జామకాయలు పెద్దవి, చలికాలంలో తీపెక్కుతాయి. సంచిలోంచి ఒకటి తీసి, కోసి, ఉప్పద్ది ముక్క నా నోట్లో పెట్టింది. తర్వాత పింకీ నోట్లో పెట్టింది. రత్న వంతొచ్చేసరికి ముక్కని కాగితం మీద పెట్టి, కాగితాన్ని అటు జరిపింది. రత్న తీసుకుని తింది.

ఆవిడ పింకీని తీసుకుని వెళ్ళాక నేనేదో అడగబోతుంటే రత్నే చెప్పింది.

"మా అమ్మ చెడ్డది కాదు చెల్లీ. మా ఆయన పోయాక అత్తోరు దర్వాజా బంద్ చేసేస్తే, అమ్మే వచ్చి ఆటోలో ఏసుకుని నన్ను తీసుకొచ్చినాది. దవాయి ఏసుకున్నావా అని రోజూ అడిగేది తనే. లేకిన్ ఇంట్లో నా కంచం వేరు, నా గ్లాసు వేరు. పింకీని నా పక్కలో పడుకోనివ్వదు. నా సేత్తో ముద్ద పెట్టనివ్వదు."

"అలా అంటుకోదని డాక్టర్లు చెప్పలేదా?"

"ఎన్నిసార్లో సమ్‌ఝాయించారు. అక్కడ తలూపుతాది. ఇంటికొస్తే మళ్ళా అదే. పింకీకి టెస్టులో ఏమీ లేదని వచ్చినాది కదా, అందుకే అమ్మకి మరీ డర్. ఉన్న ఒక్క గుంటనీ కాపాడుకోవాలని."

వంకాయలు నీళ్ళలో వేస్తూ పెళ్ళికొడుకు సంగతి చెప్పింది. పేరు ఘనశ్యామ్, ఛత్తీస్‌గఢీ మనిషి. భన్‌పురిలో లారీ టైర్లు బాగుచేసే దుకాణం, దుకాణం మీదే ఇల్లు. మందులిచ్చే చోట వరసలో నిలబడి ఒకరికొకరు తెలిశారట. పింకీని తన దగ్గరే పెంచుకుంటానని అతనే ముందన్నాడు. ఇక మిగిలింది అతని అక్క మాట. తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. రేపు సమ్మేళనానికి వచ్చి రత్నని చూసి, రత్న తాలూకు మనుషుల్ని చూసి, సరేనంటే సరే, లేదంటే లేదు.

"నీకు అతనంటే ఇష్టమేనా?" అన్నాను.

ఆమె సిగ్గుపడింది, తర్వాత సిగ్గు పక్కన పెట్టేసింది. "మంచోడే. కానీ మొగుడు లేకపోతే బతకలేనని కాదు చెల్లీ ఈ శాదీ. నా కూతురికి నా సేత్తో ముద్ద పెట్టుకునే ఇల్లు కావాల. బస్, అంతే."

నేను తరుగుతున్న ఉల్లిపాయల పుణ్యమా అని నా కళ్ళనీళ్ళకి ఎవరికీ జవాబు చెప్పుకోవలసి రాలేదు.

ఆదివారం బంతి

ఆదివారం హాలు నిండింది. ధర్మశాల బయట కట్టిన గుడ్డ మీద హిందీలో పరిచయ సమ్మేళనం అని మాత్రమే ఉంది. దారినపోయే ఎవరైనా ఏదో కులంవాళ్ళ పెళ్ళిసంబంధాల సభ అనుకుంటారు. లోపల ఒకాయన మైకు పట్టుకుని, "నా రక్తంలో ఇప్పుడు వైరస్ కనబడటం లేదు" అన్నాడు. మా వైపు అబ్బాయి తండ్రి సాఫ్ట్‌వేర్ అని చెప్పేటప్పుడు ఉండే గర్వం ఆ గొంతులో ఉంది. జనం చప్పట్లు కొట్టారు. వంటగది గుమ్మంలోంచి నేనూ కొట్టాను.

రత్న ముందుకొచ్చి మూడే ముక్కలు మాట్లాడింది. ఘనశ్యామ్ పక్కన కూర్చున్న పెద్దావిడ, వాళ్ళక్క సేవతి బాయి, కళ్ళార్పకుండా చూసింది. పొడవైన మనిషి, చేతులకి లావుపాటి వెండి కడియాలు. తర్వాత రత్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని గడ్డం పట్టుకుని ఏదో అడిగింది. రత్న నవ్వింది. సంబంధం కుదిరినట్టేనని మేమంతా గుసగుసలు పోయాం.

భోజనాల వేళయింది. చాపల మీద బంతులు, ముందు విస్తరాకులు. ఘనశ్యామ్, పక్కన అక్క, ఎదురు వరసలో రత్న. అప్పలనర్సమ్మ బంతిలో కూర్చోలేదు. గోడవారగా కుర్చీ వేసుకుని, పింకీని ఆనించుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుంది.

మేం మాస్టారు నేర్పినట్టు తయారయ్యాం. తలకి టోపీలు, చేతులకి మెరిసే గ్లౌజులు. మీనా దీదీ వేదిక దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది, మమ్మల్ని చూడలేదు. నేను పప్పు, ప్రవీణ్ అన్నం. పెద్ద హోటల్లో విందులా ఉండాలని మా ఆశ.

నాలుగు ఆకులు దాటేసరికి బంతిలో మాటలు ఆగిపోయాయి. ముందు నాకర్థం కాలేదు. అందరూ మా చేతులకేసి చూస్తున్నారు. ఒకాయన తన ఆకుని వెనక్కి లాక్కున్నాడు. ఇంకొకామె కలిపిన అన్నం అలాగే వదిలేసి చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. అప్పటికే రెండు ముద్దలు తిన్న ఘనశ్యామ్ తల దించుకున్నాడు.

సేవతి బాయి లేచి నిలబడింది. "చల్ ఘనశ్యామ్, ఉఠ్."

"దీదీ..." అన్నాడతను.

"లే అన్నాను. నిన్ను ఆసుపత్రిలో వేసిన రోజు సెలైన్ పెట్టడానికొచ్చిన పిల్ల ఒకదాని మీద ఒకటి రెండు జతలు తొడుక్కుంది. మంచం మీద దుప్పటి మార్చమంటే నన్నే మార్చుకోమంది. సరే, ఆసుపత్రి అని ఊరుకున్నాను. పెళ్ళిమాటలకి పిలిచి గ్లౌజులు తొడిగి అన్నం పెడతారా?" ఆవిడ రత్న వైపు తిరిగింది. "నిన్నేమీ అనను బేటీ. నీ వాళ్ళు ఇలాంటివాళ్ళని తెలిసింది. నా తమ్ముడు ఇలాంటి గుమ్మం తొక్కడు."

అప్పుడు వెలిగింది నాకు. మేం రత్నతో తెలుగులో మాట్లాడుతున్నాం, అప్పలనర్సమ్మ పొద్దున్నుంచీ మా ఊరి పిల్లంటూ నన్ను దగ్గరికి తీసుకుంటోంది. సేవతి బాయి మమ్మల్ని ఆడపిల్లవారి బంధువులనుకుంది! ఘనశ్యామ్ ఆకు వదిలి లేచాడు.

కలకలం విని మాస్టారు బయటికొచ్చారు. ఆయన హిందీ మా గ్లౌజుల కంటే పల్చన. చేతులు పైకెత్తి చూపిస్తూ, "అమ్మా, యే సేఫ్టీ కే లియే! సేఫ్టీ కే లియే!" అన్నారు. తినేవాళ్ళ శుభ్రం కోసమని ఆయన ఉద్దేశం. హాల్లో అందరికీ అర్థమైంది మాత్రం మా ప్రాణాలకి రక్షణ అని. రెండో బంతిలోవాళ్ళు కూడా లేవబోయారు.

నేను గబగబా గ్లౌజులు పీకేసి, నాకొచ్చిన హిందీలో, మేం వంటవాళ్ళమని, ఎక్కడ వడ్డించినా ఇలాగే తొడుక్కుంటామని, వైజాగ్‌లో కలెక్టరుకి పెట్టినా ఇంతేనని చెప్పాను. సేవతి బాయి విన్నది. "మాటలు అందరికీ వచ్చు" అంది.

మాస్టారికి ఆ ఒక్క ముక్కా అర్థమైంది. టోపీ తీశారు, గ్లౌజులు తీశారు, రెండూ జేబులో కుక్కుకున్నారు. అతిథులు తినకుండా వంటవాడు మెతుకు ముట్టకూడదని మాకు నేర్పిన మనిషి, తన మంచినీళ్ళ గ్లాసు ఇంట్లో భార్యని కూడా ముట్టుకోనివ్వని మనిషి, తిన్నగా వెళ్ళి ఘనశ్యామ్ వదిలేసిన ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అతను కలిపి వదిలిన అన్నంలోనే ఇంకాస్త పప్పు కలుపుకుని తినడం మొదలెట్టారు. ఎంగిలి! మా ఇళ్ళల్లో కన్నకొడుకు ఎంగిలి తినడానికి కూడా ఆలోచించే మగవాళ్ళున్నారు. ఆయన తల ఎత్తకుండా తిన్నారు, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

సేవతి బాయి ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. మిగతావాళ్ళూ గ్లౌజులు తీసేశారు. మేమంతా మనుషుల మధ్య ఖాళీల్లో కూర్చున్నాం. మీనా దీదీ వచ్చి, అన్నం పళ్ళెం తీసుకుని మాకు వడ్డించింది. మెల్లగా ఒక చెయ్యి, ఇంకో చెయ్యి ఆకుల్లోకి వెళ్ళాయి. సేవతి బాయి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఎదురు వరసలోకి వెళ్ళి రత్న పక్కన కూర్చుంది.

"వీళ్ళు వంటవాళ్ళయితే మరి నీ వాళ్ళెవరు బేటీ?" అనడిగింది రత్నని.

రత్న కళ్ళు గోడ వైపు వెళ్ళాయి. ఆవిడ కళ్ళూ వెళ్ళాయి. అప్పలనర్సమ్మ ఒళ్ళో బాక్సు తెరిచి ఉంది, పెరుగన్నం కనబడుతోంది.

"అమ్మకి ఈరోజు ఉపవాసం" అంది రత్న హిందీలో.

బంతిలో ఎవరూ నవ్వలేదు. సేవతి బాయి ఆ బాక్సుకేసి చూసింది, రత్నకేసి చూసింది. వెళ్ళిపోతుందనే అనుకున్నాను. ఆవిడ నిట్టూర్చి, చాప మీద తనకీ రత్నకీ నడుమ చోటు చేసి, "పాపని పిలు" అంది. పింకీ అమ్మమ్మ చెయ్యి వదిలించుకుని ఒక్క పరుగున వచ్చి కూర్చుంది.

"ఆకలిగా ఉంది దీనికి. పెట్టు" అంది సేవతి బాయి. "నీ ఆకులోంచి పెట్టు. నేనూ చూస్తాను, మీ అమ్మా చూస్తుంది. దాక్కుని పెట్టుకుంటానంటే నా తమ్ముడి ఇల్లెందుకు?"

రత్న అన్నంలో పప్పు కలిపింది, వంకాయ కొంచెం చిదిపింది. చిన్న ముద్ద చేసింది. చెయ్యి సగం లేచి అక్కడే ఆగిపోయింది. తల తిప్పి అమ్మకేసి చూసింది.

అప్పలనర్సమ్మ బాక్సు పక్కన పెట్టి లేచింది. రెండడుగులు వేసింది. పింకీని లాక్కుపోతుందని నేనూ సగం లేచాను. ఆవిడ మనవరాలి నోటికేసి, కూతురి చేతికేసి మార్చి మార్చి చూసింది.

"ఒలే రత్నా" అంది చివరికి. "అందులో వంకాయ కారం తగిలింది కాదేటే? ఇంకాస్త నెయ్యేసి కలపవే. గుంటకి నోరు మండిపోద్ది."

నేను నేతిగిన్నె అందుకుని పరిగెత్తాను.

"ఏమంటోంది ఆమె?" అనడిగింది సేవతి బాయి నన్ను.

"నెయ్యి చాల్లేదంటోంది" అన్నాను.

ఆవిడ కాసేపు అప్పలనర్సమ్మకేసే చూసింది. తర్వాత మీనా దీదీ వైపు తిరిగి, "సమధన్ గారికి ఆకు వెయ్యండి" అంది. సమధన్ అంటే వాళ్ళ భాషలో వియ్యపురాలు.

అప్పలనర్సమ్మ ఇంకా నిలబడే ఉంది. రత్న ముద్దలో నెయ్యి కలిపింది. పింకీ నోరు తెరిచింది.